అరంగుళం

సైకిలు కొని ఎనిమిది నెలలయ్యాక గాని కొలతలు తీయలేదు. హైదరాబాదులో ఓ సైకిళ్ళ షాపు కుర్రాడు మా మనవరాలి చేత చెప్పులు విప్పించి, గోడకి ఆనుకుని నిలబడమన్నాడు. ఓ అట్ట పుస్తకం చేతికిచ్చి, కాళ్ళ మధ్య పెట్టుకుని పైకి గట్టిగా లాగి పట్టుకోమన్నాడు. పుస్తకం అంచు దగ్గర గోడ మీద పెన్సిలు గీత పెట్టి, నేల దాకా టేపు లాగాడు. "69 సెంటీమీటర్లు మేడమ్" అన్నాడు. తర్వాత తుంటి ఎముక ఎక్కడుందో వెతుక్కోమని అక్కణ్ణుంచి నేలకి ఇంకో కొలత. 76. ఈ పనికి వాడు పుచ్చుకున్న డబ్బులో నా మొదటి జీతాలు ఎన్ని పడతాయో లెక్కేద్దామనుకున్నాను. పొద్దున బీపీ మాత్ర వేసుకోలేదని గుర్తొచ్చి మానేశాను.

మా రోజుల్లో సైకిలు కోసం మనిషిని కొలిచినవాడు లేడు. జాకెట్టుకి కొలత ఉంది, చెప్పులకి కొలత ఉంది, ఆఖరికి పాడెకి కూడా కొలత ఉంది. సైకిలుకి లేదు. ఫ్రేములు రెండే, 22 అంగుళాలది, 24 అంగుళాలది. ఇంట్లో అందరికీ పనికొస్తుందని మా నాన్నగారు 24 కొన్నారు. అందరూ అంటే ఆయనా, మా చిన్నాన్నా, పాలేరూ. ముగ్గురూ ఐదున్నర అడుగులు దాటిన మనుషులు. నేను అప్పుడు ఎనిమిదో తరగతి. "వాడి కాళ్ళు అందవు కదండీ" అని మా అమ్మ అంటే "పెరుగుతాడులే" అన్నారు. అరవై ఏళ్ళు దాటింది. ఐదడుగుల ఒక అంగుళం దగ్గర ఆగినవాణ్ణి ఆగినట్టే ఉన్నాను. ఈ మధ్య డాక్టరుగారు కొలిస్తే ఆ ఒక్క అంగుళమూ కాస్త అరిగిందని తేలింది.

నేర్చుకోవడం మాత్రం అద్దె సైకిలు మీదే. తెనాలిలో గంటకి రెండణాలు. సొంత సైకిలు ముట్టుకుంటే మా చిన్నాన్న ఊరుకునేవాడు కాదు. అడ్డతొక్కుడంటే ఇప్పటి పిల్లలకి చెప్పినా అర్థం కాదు. సీటెక్కితే కాళ్ళు అందవు కనక సీటు జోలికే పోం. ఎడంచెయ్యి హేండిలు మీద ఉంటుంది, కుడిచేత్తో సీటుని చంకలో ఇరికించుకుంటాం. కుడికాలు ఫ్రేము మధ్య సందులోంచి అవతలి పెడలు మీదకి దూరుతుంది. సైకిలు ఒకవైపు, మనిషి ఒకవైపు ఒరిగి పోతుంటారు. పెడలు పూర్తి చుట్టు తిరగదు. సగం కిందకి నొక్కడం, వెనక్కి తెచ్చుకోవడం, మళ్ళీ సగం నొక్కడం. వెనక ఫ్రీవీలు టకటకమంటూనే ఉంటుంది. ఆ చప్పుడుతోనే వీధిలో వాళ్ళకి తెలిసిపోయేది, వస్తున్నది పిల్లాడని.

నాన్నగారి సైకిలు సీటు మీద కూర్చోగలిగింది ఉద్యోగం వచ్చాకే. కూర్చున్నానంటే కూర్చున్నాననే అనాలి. కాలవ గట్టు మీద ఆరు మైళ్ళు పోను, ఆరు మైళ్ళు రాను. ఎడమ పెడలు మీద కాలు పెట్టి, కుడికాలితో నేలని రెండు తన్నులు తన్ని, ఊపు రాగానే కాలు వెనకనుంచి తిప్పి ఎక్కాలి. ఎక్కాక ఆపకూడదు. ఆపితే నేల అందదు. అందుకని దారిలో మైలురాళ్ళూ, వంతెన పిట్టగోడలూ, ఎత్తుగా ఉన్న అరుగులూ అన్నీ నాకు కంఠతా వచ్చు. దిగాలంటే వాటి పక్కనే దిగాలి. పెద్దమనిషి ఎవరైనా ఎదురై "ఏం మాస్టారూ, ఓసారి ఆగండి" అంటే, ఆయన చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి మాట్లాడి వెళ్ళిపోయేవాణ్ణి. గౌరవం అనుకునేవారు పాపం.

సరే, సీటు దించమని మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను. దించాడు. ఇంకా దించమన్నాను. "ఇంక దించితే బారు మీద కూచోవాలి మాస్టారూ" అన్నాడు. అతనే ఓ ఉపాయం చెప్పాడు. తుమ్మచెక్క ముక్కలు రెండు చెక్కి, పెడళ్ళకి అటూ ఇటూ బోల్టులతో బిగించాడు. కిందనున్న పెడలు పాదానికి అందింది. నడుము సీటు మీద ఇటూ అటూ జారడం తగ్గింది. ఆ సాయంత్రం నన్ను మించినవాడు లేడనుకున్నాను. వారం తిరిగేసరికి మోకాలి చిప్ప కింద సన్నగా నొప్పి మొదలైంది. రెండు నెలలకి మెట్లు దిగడం కష్టమైంది. పెడలు పైకి వచ్చినప్పుడు మోకాలు పొట్టకి తగులుతోందని, తొడ పైకి లాక్కుపోయినట్టుందని మేస్త్రీకి చెప్పాను. "పొట్ట తగ్గించుకోండి" అన్నాడు. అప్పుడు నా బరువు నలభై ఎనిమిది కిలోలు.

అసలు సంగతి ఇన్నాళ్ళకి, ఆ టేపు కుర్రాడి నోట విన్నాను. వాడికి డబ్బిచ్చినందుకు బాధ పడ్డాను కాని, వాడు చెప్పింది మాత్రం నేను నలభై ఏళ్ళు లెక్కలు చెప్పి కూడా వేసుకోని లెక్క. పెడలు మోసే కడ్డీ ఉందే, క్రాంకు, దాని పొడవే పాదం తిరిగే చక్రానికి వ్యాసార్థం. ఇరుసు మధ్య నుంచి పెడలు మధ్య దాకా కొలుస్తారు. సీటు దించితే ఆ చక్రం చిన్నదవదు, మనిషి చక్రానికి దగ్గరవుతాడు, అంతే. కింద కాలు అందుతుంది, పైన మోకాలు ముడుచుకుపోతుంది. చెక్క బిగించినా అంతే. చెక్క కింద పాదాన్ని ఎంత లేపిందో పైన కూడా అంతే లేపుతుంది. కింద అప్పు తీర్చి పైన కొత్త అప్పు చేసినట్టు. పొట్టివాడికి చిన్నది కావలసింది చక్రం. అది చిన్నది కావాలంటే క్రాంకు మార్చాలి. నా మోకాళ్ళు రెండూ అరిగి, ఆయుర్వేదం తైలాలు అయ్యి, ఇంజక్షన్లు అయ్యి, ఇప్పుడా చెప్పేది?

ఇప్పటి సైకిళ్ళని తిట్టకుండా ఉండలేను. మనవరాలి సైకిలుకి వెనక పదకొండు పళ్ళచక్రాలు, బ్రేకుల్లో నూనె, సీటు మధ్య గాలాడ్డానికి సందు, హేండిలుకి తొడుగు, తొడుగు మీద ఇంకో తొడుగు. బెల్లు మాత్రం లేదు. అడిగితే "బరువెక్కువవుతుంది తాతయ్యా" అంది. స్టాండు లేదు, గోడకి చేరేయాలి. మడ్‌గార్డు లేదు, వాన వస్తే వీపు మీద బురద చార. ఇన్ని మార్చినవాళ్ళు పొట్టివాళ్ళ కోసం ఫ్రేమునీ చిన్నది చేశారు. మంచిదే. క్రాంకు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి రాలేదు. కడ్డీ లోపలి వైపు, పెడలు కన్నం పక్కన, చిన్న అంకెలు అచ్చు గుద్ది ఉంటాయి. కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశాను. 170. మిల్లీమీటర్లన్నమాట. పెద్ద ఫ్రేముకి 172.5, 175 వేస్తారు. చిన్న ఫ్రేముకి 170, దయ కలిగితే 165. ఐదడుగుల మనిషి కాళ్ళకీ ఆరడుగుల మనిషి కాళ్ళకీ తేడా జానెడుంటే, క్రాంకుల్లో తేడా బియ్యపుగింజంత.

పాఠం చెప్పే అలవాటు పోక, బిల్లు వెనక లెక్క వేశాను. మనవరాలి కాళ్ళ లోపలి కొలత 69, అంటే 690 మిల్లీమీటర్లు. క్రాంకు 170. వందకి ఇరవై నాలుగున్నర పైన. ఆరడుగుల రెండంగుళాల మనిషికి ఆ కొలత 890 ఉంటుందనుకుందాం. ఈ పిల్ల పడుతున్న అవస్థ వాడు పడాలంటే వాడికి సుమారు 219 మిల్లీమీటర్ల క్రాంకు వెయ్యాలి. ఆ సైకిలు ఎవడైనా తొక్కుతాడా? షాపులో పెడితే ఎవడైనా కొంటాడా? మరి మా పిల్లని ఎనిమిది నెలలు తొక్కమన్నారు. మోకాలు నొప్పి అని ఇంటర్నెట్లో అడిగితే "సీటు సర్దుకోండి, కోర్ కండరాలు పెంచుకోండి" అన్నారట. మా మేస్త్రీ "పొట్ట తగ్గించుకోండి" అన్నాడు. వీళ్ళు ఇంగ్లీషులో అన్నారు.

ఎంత ఉండాలన్న ప్రశ్నకి కుర్రాడు రెండు లెక్కలు చెప్పాడు. కాళ్ళ లోపలి కొలతలో 21.6 శాతం అనేది ఒకటి. అది వేస్తే 149. తుంటి ఎముక నుంచి కొలిచిన కాలి పొడవులో ఐదో వంతు అనేది రెండోది. అది వేస్తే 152. రెండు దారుల్లో వెళ్ళినా ఒకే ఊరు చేరాం. ఈ ఐదో వంతు గాల్లోంచి రాలేదు. జిమ్ మార్టిన్ అనే అమెరికా ఆయన, తోటి పరిశోధకురాలితో కలిసి 2001లో అచ్చేసిన పరీక్షలో తేలింది. పదహారు మంది సైకిలిస్టుల చేత 120, 145, 170, 195, 220 మిల్లీమీటర్ల క్రాంకులు ఒక్కొక్కటీ బలం కొద్దీ తొక్కించారు. 120కీ 220కీ మధ్య, అంటే దాదాపు రెట్టింపు తేడాలో, బలం అటూ ఇటూ అయింది నాలుగు శాతం. మరీ పొట్టిదీ మరీ పొడుగుదీ వెనకబడ్డాయి. మధ్యవి దాదాపు ఒక్కటే. క్రాంకు పొట్టిదైతే బలం పోతుందన్న భయానికి అక్కడితో నీళ్ళొదలాలి. పోయేది ఏమైనా ఉంటే మోకాలి నొప్పి.

ఇది తెలిసి ఇరవై ఏళ్ళు దాటింది. అంతకు ముందే, 1985లో, జార్జీనా టెర్రీ అనే ఆవిడ అమెరికాలో ఆడవాళ్ళ కొలతలకి సైకిళ్ళు చేసే కంపెనీ పెట్టారు. ముందు చక్రం వెనక చక్రం కన్నా చిన్నది వేసి పొట్టి ఫ్రేము కుదిర్చిన మనిషి ఆవిడ. పొట్టివాళ్ళ కష్టం ఎవరికీ తెలియక కాదన్నమాట. ఫ్యాక్టరీవాడు ఒకే కొలత లక్షల్లో తయారు చేస్తే చవక. ఆ చవకలో మిగిలింది అతనికి, అరిగింది మనకి.

తెనాలి తిరిగొచ్చిన మర్నాడు పెరటి వసారాలో నా పాత సైకిలు గోనెపట్టా కింద నుంచి బయటికి లాగాను. చైను తుప్పు, టైర్లు పగిలాయి, మునిసిపాలిటీ బిళ్ళ ఇంకా హేండిలుకి వేలాడుతోంది. టేపు పట్టుకురమ్మని మా ఆవిణ్ణి కేకేశాను. క్రాంకుని ఇరుసుకి బిగించిన కాటర్ పిన్నూ, దాని మీద మేస్త్రీ సుత్తి దెబ్బలూ అలాగే ఉన్నాయి. అది వదులైతే పెడలు చుట్టుకి ఒకసారి టక్కున జారేది, ఎవరో వెనకనుంచి మోకాలు తన్నినట్టు. ఇరుసు మధ్య నుంచి పెడలు మధ్యకి కొలిచాను. ఆరున్నర అంగుళాలు. మళ్ళీ కొలిచాను. ఆరున్నరే. మిల్లీమీటర్లలో 165.

వెంటనే మనవరాలికి ఫోను చేశాను. "అమ్మలూ, నా డొక్కు సైకిలు క్రాంకు నీ కొత్తదాని కన్నా పొట్టిదే. చూశావా, మా రోజుల్లో..." అది నన్ను పూర్తి చెయ్యనివ్వలేదు. "తాతయ్యా, పొగాచార్ కూడా 165 వాడుతున్నాడు" అంది. ఎవరమ్మా ఆయన అంటే, స్లొవేనియా కుర్రాడట. 2024లో ఇటలీ పోటీ, ఫ్రాన్సు పోటీ రెండూ ఒకే ఏడాది గెలిచాడట. ఎత్తు 176 సెంటీమీటర్లు, అంతకు ముందు 172.5 తొక్కేవాడట, దిగి 165కి వచ్చాడు. అప్పట్నుంచి అందరూ పొట్టి క్రాంకుల జపం చేస్తున్నారట. అంటే ప్రపంచ విజేత తంటాలుపడి చేరిన కొలత, మా నాన్నగారు ఏ కొలతా లేకుండా కొన్న సైకిలుకి మొదట్నించీ ఉందన్నమాట. ఆ పూట ఇంటికొచ్చిన పాలవాడికీ, కరెంటు బిల్లతనికీ కూడా ఈ ముక్క చెప్పాను.

గర్వం రాత్రి దాకా నిలవలేదు. మనవరాలే మళ్ళీ ఫోను చేసి నా కాళ్ళ కొలతలు అడిగింది. మా ఆవిడ చేత పంచాంగం పట్టించి కొలిపించాను. లోపలి కొలత 71. 21.6 శాతం లెక్కన నాకు ఉండాల్సింది 153. అంటే ఆరంగుళాలు. నా పాతదానికీ దానికీ తేడా అరంగుళం. అంతేనా అనిపిస్తుంది. కాని ఆ అరంగుళం కింద ఒకసారి, పైన ఒకసారి, రెండుసార్లు తగులుతుంది. చుట్టుకి ఐదు మీటర్ల పైచిలుకు పోయే సైకిలు అది, ముందు 44 పళ్ళు, వెనక 18, గేర్లు లేవు. పన్నెండు మైళ్ళకి మోకాలు ఎన్నిసార్లు ముడుచుకుందో వేసి చూస్తే మూడువేల ఐదువందల దాకా తేలింది. రోజుకి, ఒక్కో కాలికి. దాన్ని ముప్ఫై ఏళ్ళతో గుణించలేదు.

పొడుగువాళ్ళ ముచ్చట ఒకటి చెప్పి ముందుకి పోతాను. స్పెయిన్ మిగెల్ ఇందురైన్, 188 సెంటీమీటర్ల మనిషి, 1994లో ఫ్రాన్సులో బోర్డో ట్రాక్ మీద గంటలో 53 కిలోమీటర్ల పైన తొక్కి రికార్డు పెట్టాడు. అప్పుడు ఆయన క్రాంకు 190. తన కాళ్ళకి కావలసిన కొలత ఆయన వేయించుకున్నాడు, ఎవరూ వింతగా చూడలేదు. మా పిల్ల షాపుల్లో 150 అడిగితే "చిన్నపిల్లల సైకిలుకా మేడమ్" అన్నారు.

మూడు షాపులు తిరిగింది, దొరకలేదు. నాలుగోవాడు తెప్పిస్తానని ఆరు వారాలు తీసుకున్నాడు. క్రాంకు మారాక సీటు సరిగ్గా రెండు సెంటీమీటర్లు లేపాలి, ఎందుకంటే పెడలు కింద ఆ రెండూ పైకొచ్చింది. పైన పెడలు రెండు దిగింది, మనిషి రెండు లేచింది, మోకాలికి నాలుగు సెంటీమీటర్ల ఖాళీ వచ్చింది. నాలుగు సెంటీమీటర్లంటే రెండు వేళ్ళ వెడల్పు పైన. ఇందులో తిరకాసు కూడా ఉంది, షాపువాడు చెప్పలేదు కనక నేను చెబుతున్నాను. సీటు లేచింది కనక సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నేల ఇదివరకటి కన్నా దూరం. మొదటి వారం రెండుసార్లు ఒరిగిపోబోయింది. సీటు మీంచి ముందుకి జారి ఆగడం నేర్చుకోవాలి. రెండోది, తులాదండం సూత్రమే, కడ్డీ పొట్టిదైతే అదే గేరులో కాలికి బరువు తగులుతుంది. 170కి 150 అంటే పదమూడు శాతం. వెనక 17 పళ్ళ చక్రం మీద తొక్కేచోట 19కి వేసుకుని కాస్త గబగబా తిప్పితే సరిపోయింది. గేర్లున్న సైకిలుకి ఇది చిటికెలో పని. నా డొక్కుకి క్రాంకు మార్చి ఊరుకుంటే చాలదు, ఫ్రీవీలు కూడా మార్చాలి.

ఇప్పుడు ఆదివారాలు నానక్‌రాంగూడ దగ్గర ఔటర్ రింగు రోడ్డు పక్కన తొక్కుతోంది. అక్కడ సైకిళ్ళకని 2023లో 23 కిలోమీటర్ల దారి వేశారు, పైన కప్పుకి బదులు సోలారు పలకలు. మాకు కాలవ గట్టు మీద తుమ్మచెట్ల నీడ, కింద తుమ్మముళ్ళు. మోకాలెలా ఉందమ్మా అంటే "ఏ మోకాలు తాతయ్యా?" అంటోంది.

పోయిన నెల వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, చిన్నవాడు, మనవడు, బడికి వెళ్ళిన సమయంలో సెల్లారులోకి దిగాను. వాడికి పదకొండేళ్ళు. 24 అంగుళాల చక్రాల పిల్లల సైకిలు. లోపల అచ్చుగుద్దిన అంకె 152. ఆరంగుళాలు. వాచ్‌మన్ దగ్గర పానా అడిగి సీటు నాకు తగ్గట్టు పైకి లేపి, బిగించి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని ఎక్కాను. ఆపితే నేల అందింది, కాలివేళ్ళయినా. స్తంభాల మధ్య నాలుగు చుట్లు తిరిగాను. మోకాలు ఎక్కడా పొట్టకి తగల్లేదు, ఇప్పుడు నిజంగానే పొట్ట ఉన్నా కూడా. పెడలు మొత్తం చుట్టూ పాదం కిందే ఉంది, ఎక్కడా వదిలి మళ్ళీ పట్టుకోవాల్సిన పని లేదు. ఐదో చుట్టులో వాచ్‌మన్ తన కుర్చీ పక్కకి జరుపుకుని దారిచ్చాడు.

సాయంత్రం మనవడు పైకొచ్చి నిలబడ్డాడు. "తాతయ్యా, నా సైకిలు సీటు ఎవరో లేపేశారు. కాళ్ళు అందట్లేదు."

పెరుగుతావులేరా అనబోయి, పానా కోసం వాచ్‌మన్ దగ్గరికి దిగాను.